పాత ప్రొజెక్టర్లలో ధ్వని లోపాలు

ఖైతాన్‌లోని గ్రనాడా సినిమాహాలులో భారతీయ చిత్రాలు చూసిన కుటుంబాలు కువైట్‌లో ఎన్నో ఉన్నాయి. ఆనాటి పాటలు, సంభాషణలు ప్రేక్షకుల చెవిని చేరింది ఫిల్ము అంచున ముద్రితమైన ఒక సన్నని చార ద్వారానే. 1932లో విడుదలైన 'భక్త ప్రహ్లాద' మొదలుకొని డిజిటల్ యుగం వరకు తెలుగు చిత్రాల ధ్వనిని ఎక్కువగా మోసింది ఈ చారయే.

ప్రొజెక్టర్‌లో ఎక్సైటర్ లాంపు అనే చిన్న దీపం ఉంటుంది. దాని వెలుతురును ఒక కటకం సన్నని గీతగా మార్చి ధ్వని చారపై ప్రసరింపజేస్తుంది. చార వెడల్పును బట్టి హెచ్చుతగ్గులయ్యే వెలుతురును ఫోటోసెల్ విద్యుత్తుగా మారుస్తుంది. ఆంప్లిఫయర్ దానిని పెంచి స్పీకరుకు అందిస్తుంది. కనుక లోపం వెలుతురులో ఉన్నదా, ఫిల్ము నడకలో ఉన్నదా, విద్యుత్ పరికరాల్లో ఉన్నదా అన్నది ముందుగా తేల్చుకోవాలి.

ధ్వని బొత్తిగా రానప్పుడు ఎక్సైటర్ లాంపు వెలుగుతున్నదో లేదో చూడాలి. వెలుగుతుంటే, దళసరి కాగితాన్ని ఆ కాంతికి అడ్డంగా ఆడించాలి. స్పీకరులో 'టప్ టప్' మని వినిపిస్తే ఫోటోసెల్, ఆంప్లిఫయర్ పనిచేస్తున్నట్లే. అప్పుడు ఫిల్మును సరిగా ఎక్కించారో లేదో పరిశీలించాలి.

మాటలు ముద్దగా వినిపిస్తే కటకంపై దుమ్ము చేరి ఉండవచ్చు, లేదా అది గురి తప్పి ఉండవచ్చు. ఇసుక గాలులు వీచే కువైట్‌లో మొదటి కారణానికే అవకాశం ఎక్కువ. ఎడతెగని 'గుంయ్' శబ్దం వస్తుంటే వెలుతురును కాగితంతో మూసి చూడాలి. శబ్దం ఆగితే లోపం దీపానికి అందే విద్యుత్తులో ఉన్నది. ఆగకపోతే ఆంప్లిఫయర్‌లో ఉన్నది. పాటలో స్వరం ఊగిసలాడితే సౌండ్ డ్రమ్ము నున్నగా తిరగడం లేదని గ్రహించాలి.

పెదవుల కదలికకు, మాటకు పొంతన కుదరకపోవడం మరొక లోపం. బొమ్మ ఆగి ఆగి కదలాలి. ధ్వని చార మాత్రం ఎడతెగక సాగాలి. అందుకే 16 మి.మీ. ఫిల్ముపై ధ్వనిని బొమ్మకు 26 ఫ్రేములు ముందుగా ముద్రిస్తారు. బొమ్మకు, డ్రమ్ముకు నడుమనున్న లూపు పెద్దదైతే మాట ఆలస్యమవుతుంది. చిన్నదైతే ముందే వినిపిస్తుంది.

అమెరికా నుండి తెచ్చిన ప్రొజెక్టర్లతో ప్రవాసులకు మరొక చిక్కు ఎదురవుతుంది. అక్కడి విద్యుత్తు 60 సైకిళ్లు. కువైట్‌లోనూ, భారతదేశంలోనూ 50 సైకిళ్లు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుందే గాని సైకిళ్లను మార్చదు. విద్యుత్ సైకిళ్లను అనుసరించి తిరిగే మోటారయితే సెకనుకు 24 ఫ్రేములకు బదులు 20 మాత్రమే నడుస్తాయి. గాయని గొంతు కూడా బరువెక్కుతుంది. అటువంటి యంత్రానికి 50 సైకిళ్లకు తగిన పుల్లీ అమర్చాలి.

యంత్రాన్ని విప్పే ముందు విద్యుత్ ప్లగ్గును తీసివేయాలి. వాల్వు ఆంప్లిఫయర్లలో ప్లగ్గు తీసిన తరువాత కూడా ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు కనుక ఆ పని నిపుణులకే వదలాలి.

పరీక్షలన్నీ పనికిరాని ఫిల్ము ముక్కతోనే జరపాలి. దీపాన్ని మార్చవచ్చు, కటకాన్ని తుడవవచ్చు. గీతలు పడిన ధ్వని చారను మాత్రం తిరిగి పూర్వస్థితికి తేలేము. వినెగర్ వాసన వేస్తూ ముడుచుకుపోయిన రీలును ప్రొజెక్టర్‌కు ఎక్కించనే రాదు. దానిని చల్లని, పొడి ప్రదేశంలో భద్రపరచి, వీలైనంత త్వరగా డిజిటల్ ప్రతి తీయించడమే శ్రేయస్కరం.