అర్జీల పుస్తకం ఇంట్లోనే కుట్టుకోండి: ఖర్చు మూడు జానల దారం

పథకానికి అర్జీ పెట్టాక మీ చేతికి వచ్చేది ఒక చిన్న రసీదు. అది బియ్యం డబ్బాలోనో, దేవుడి పటం వెనకో పెడతారు. రెండు నెలల తర్వాత "మా పింఛను ఏమైంది?" అని అడగడానికి వెళితే, సిబ్బంది మొదట అడిగేది అర్జీ నంబరు. అది లేకపోతే మాట అక్కడే ఆగిపోతుంది. మళ్లీ కొత్త అర్జీ, మళ్లీ జిరాక్సులు, మళ్లీ ఒక రోజు కూలి పోవడం.

ఇంకో సంగతి. చాలా కౌంటర్లలో ఇచ్చే నున్నటి చిన్న స్లిప్పుల మీద సిరా ఉండదు, వేడితో పడిన అచ్చు ఉంటుంది. ఎండ తగిలినా, పొయ్యి దగ్గర పెట్టినా కొన్నాళ్లకు అక్షరాలు మాసిపోతాయి. అందుకే ప్రతి ఇంటికీ ఒక అర్జీల పుస్తకం ఉండాలి. అది కొనక్కర్లేదు, అరగంటలో మీరే కుట్టుకోవచ్చు.

ఏమేం కావాలి?

• పిల్లల పాత లాంగ్ నోటుబుక్కుల్లో మిగిలిన ఖాళీ కాగితాలు 12
• అట్టకు పాత క్యాలెండర్ షీటు లేదా చీర పెట్టె అట్ట
• దబ్బనం, పెద్ద సూది
• గోనెసంచి దారం మూడు జానలు. అది లేకపోతే కుట్టుదారం నాలుగు పోగులు కలిపి, కొవ్వొత్తికి రుద్దండి. చిక్కుపడదు, త్వరగా తెగదు.

పరీక్షలు అయిపోయి, ఇక అక్కర్లేని పుస్తకాలే తీసుకోండి. ముందు పిల్లల్ని అడగండి. మధ్యలో పిన్నులు కొట్టిన పుస్తకంలో వెనక ఖాళీ కాగితం, ముందు రాసిన కాగితం రెండూ ఒకే షీటు. చేత్తో లాగితే రెండూ ఊడతాయి. మడత పక్కన స్కేలు పెట్టి, బ్లేడుతో ఖాళీ కాగితం వరకే కోయండి.

ఎలా కుట్టాలి?

1. 12 కాగితాలనూ అంచులు సరిచేసి, ఒకేసారి పొడవులో సగానికి మడవండి. గరిటె కాడతో మడత మీద గట్టిగా రుద్దండి. ఇప్పుడు మీకు 48 పేజీలు వచ్చాయి.

2. అట్టను కాగితాల కంటే కొంచెం పెద్దగా కత్తిరించి, అదే తీరుగా మడిచి పైన తొడగండి.

3. పుస్తకం తెరిచి, లోపలి మడత మీద మూడు చుక్కలు పెట్టండి. ఒకటి సరిగ్గా మధ్యలో, మిగతా రెండూ రెండు చివరల నుంచి మూడు వేళ్ల దూరంలో. కింద పాత చెప్పు గానీ, మందపాటి గుడ్డ గానీ పెట్టి దబ్బనంతో పొడవండి. అట్టకు కూడా రంధ్రం పడాలి.

4. సూదిని లోపలి నుంచి మధ్య రంధ్రంలో బయటికి తీయండి. లోపల బెత్తెడు దారం వదలండి. బయటి నుంచి పై రంధ్రంలోకి గుచ్చి లోపలికి రండి. మధ్య రంధ్రాన్ని వదిలేసి, కింది రంధ్రం గుండా బయటికి వెళ్లండి. చివరగా బయటి నుంచి మళ్లీ మధ్య రంధ్రంలోకి రండి.

5. ఇప్పుడు దారం రెండు కొసలూ లోపలే ఉంటాయి. వాటి మధ్య పొడుగు దారం ఒకటి కనిపిస్తుంది. కొసలు దానికి చెరో పక్కన ఉండాలి. బిగించి, దాని మీదుగా రెండు ముళ్లు వేయండి. అంతే, జిగురు అక్కర్లేదు.

కాగితాన్ని అడ్డంగా మడిచాం కాబట్టి గీతలు నిలువుగా కనిపిస్తాయి. కంగారు పడకండి. కుట్టు పైవైపు ఉండేలా పట్టుకుని, పేజీలు పైకి తిప్పుతూ రాయండి. గీతలు సరిపోతాయి. విలేకరులు వాడే పుస్తకాలు కూడా ఇలాగే పైకి తిప్పేవే.

వెనక అట్ట లోపల ఒక పాత శుభలేఖ కవరును దారంతో కుట్టండి. రసీదులు దాంట్లో పెట్టవచ్చు.

ఏం రాయాలి?

మొదటి పేజీలో ఇంట్లో అందరి పేర్లు, పుట్టిన తేదీలు ఆధార్‌లో ఎలా ఉన్నాయో అలాగే రాయండి. బ్యాంకు పాసుబుక్కులోనూ, రేషన్ కార్డులోనూ వేరేగా ఉంటే పక్కన గుర్తు పెట్టండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా ఉన్నా పని ఆగవచ్చు. ముందే సరిచేయించుకోండి.

రెండో పేజీలో ఎవరి ఆధార్ ఏ బ్యాంకు ఖాతాకు లింకు అయిందో రాయండి. ఆధార్ ఆధారంగా వేసే పథకాల డబ్బు మీరు చెప్పిన ఖాతాలో కాకుండా, చివరిసారి లింకు చేసిన ఖాతాలో పడుతుంది. "డబ్బు రాలేదు" అనుకున్నది ఒక్కోసారి మరిచిపోయిన పాత ఖాతాలో ఉంటుంది.

మూడో పేజీ నుంచి ఒక్కో అర్జీకి ఒక్కో పేజీ. ఇలా రాయండి:

• తేదీ: జూన్ 12
• ఎవరికి, దేనికి: అమ్మకు, వృద్ధాప్య పింఛను
• ఎక్కడ ఇచ్చాం: సచివాలయం, వెల్ఫేర్ అసిస్టెంట్
• అర్జీ నంబరు: రసీదు చూసి, ఒక్కో అంకె సరిచూసుకుంటూ
• ఇచ్చిన కాగితాలు: ఏవి, ఎన్ని
• ఎప్పుడు రమ్మన్నారు
• ఏమైంది

రసీదు వచ్చిన రోజే రాయాలి, రేపటికి వాయిదా వద్దు. పెద్దవాళ్లకు చదువు రాకపోతే బడికి వెళ్లే మనవడితోనో, మనవరాలితోనో రాయించండి.

ఏం రాయకూడదు?

ఏటీఎం పిన్, ఓటీపీ ఎప్పుడూ రాయకండి. ఆధార్‌లో 12 అంకెలూ అక్కర్లేదు, చివరి 4 చాలు. పుస్తకం పోయినా మీ ఖాతాకు ఇబ్బంది రాదు.

చెప్పిన గడువు దాటితే?

పుస్తకం పట్టుకుని ముందు అర్జీ ఇచ్చిన చోటికే వెళ్లండి. పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో చెప్పండి. అప్పటికీ జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం 2005 కింద "ఫలానా నంబరు అర్జీ ఏ దశలో ఉంది?" అని రాసి అడగవచ్చు. మామూలుగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు రుజువు జత చేస్తే ఫీజు ఉండదు.

"ఎప్పుడో ఇచ్చాం సార్" అంటే ఎవరూ వెతకలేరు. "జూన్ 12న ఇచ్చాం, నంబరు ఇదీ" అంటే ఎదుటివారు కంప్యూటర్‌లో చూసి జవాబు చెప్పక తప్పదు.

ఈ పీడీఎఫ్‌ను మీ పొదుపు సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టండి. ఫోన్ లేని పక్కింటివాళ్లకు ఒక పుస్తకం మీరే కుట్టి ఇవ్వండి.