గోడ మీద బొమ్మ, గల్లాపెట్టెలో లెక్క

అమలాపురంలోని కోనసీమ చిత్రకళా పరిషత్ జాతీయ స్థాయి చిత్రకళా పోటీలు పెడుతుంటుంది. కొత్తపేట పేరు వింటే విగ్రహాలే గుర్తొస్తాయి. అక్కడి శిల్పి రాజ్‌కుమార్ వుడయార్ చేసిన నేతల విగ్రహాలు ఎన్నో ఊళ్ల కూడళ్లలో కనిపిస్తాయి. బండారులంకలో మగ్గాలున్నాయి, గోదావరి దాటితే నరసాపురం లేసు ఉంది. ఇంత పనితనం ఉన్న చోట చిన్న ఆర్ట్ గ్యాలరీ, పక్కనే దుకాణం పెట్టడం ఊరు వదలడం ఇష్టంలేని యువతకు మంచి ఉపాధి. కాకపోతే బొమ్మల మీద ప్రేమ ఒక్కటే అద్దె కట్టదు.

లెక్క చూడండి. నెలకు అద్దె 8,000 రూపాయలు అనుకుందాం. 3,000 రూపాయల బొమ్మ అమ్ముడైతే 30 శాతం కమిషన్ కింద గ్యాలరీకి మిగిలేది 900. అంటే అద్దెకే నెలకు 9 బొమ్మలు అమ్మాలి. కరెంటు బిల్లు, ఫ్రేముల ఖర్చు వేరే. కొత్తవాళ్లకు ఇది కష్టం. అందుకే దుకాణం.

ఈ దారి కొత్తదేమీ కాదు. 1966లో మద్రాసు శివార్లలో కె.సి.ఎస్. పణిక్కర్ నాయకత్వంలో చోళమండలం కళాకారుల గ్రామం మొదలైంది. అక్కడి చిత్రకారులు బాతిక్ బట్టల వంటివి చేసి అమ్ముకున్నారు. ఆ రాబడితో ఇల్లు గడుపుకుంటూ తమకు నచ్చిన బొమ్మలు వేసుకున్నారు. కోనసీమ దుకాణంలోనూ లేసు, కొబ్బరి పీచు వస్తువులు, గ్రీటింగ్ కార్డులు పెట్టవచ్చు. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి కదా, వెదురుతో, రంగుల దారాలతో అడుగెత్తు ప్రభ చేయించి పెడితే సంక్రాంతికి వచ్చిన ఏ ప్రవాసాంధ్రుడు వదిలిపెడతాడు?

కళాకారుడితో మాట కాగితం మీద ఉండాలి. ధర ఎంత, కమిషన్ ఎంత, అమ్మిన ఎన్నాళ్లకు డబ్బు ఇస్తారు, పాడైతే బాధ్యత ఎవరిది అన్నవన్నీ రాసి ఇద్దరూ సంతకం చేయాలి. ఇంకో సంగతి. బొమ్మ కొన్నంత మాత్రాన దాని కాపీరైట్ మన సొంతం కాదు. చిత్రకారుడి రాతపూర్వక అనుమతి లేకుండా దాన్ని కార్డుల మీద అచ్చు వేసి అమ్మడం చట్టవిరుద్ధం.

కోనసీమలో పెద్ద శత్రువు చెమ్మ. వానాకాలంలో కాగితం బొమ్మలకు బూజు పడుతుంది. అద్దం కాగితానికి అంటుకోకుండా మధ్యలో మందపాటి అట్ట మౌంట్ పెట్టించాలి, ఫ్రేముకీ గోడకీ మధ్య గాలి ఆడేలా వెనుక మూలల్లో చిన్న బిరడాలు అతికించాలి. ఫ్రేము కట్టడం స్వయంగా నేర్చుకుంటే అదీ ఒక ఆదాయమే.

దిగేముందు రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు చిత్రశాల చూసి రావాలి. 1925లో, 28 ఏళ్లు నిండకుండానే పోయిన ఆ చిత్రకారుడి బొమ్మలు నేటికీ మనకు మిగిలాయంటే వాటిని కాపాడినవాళ్ల చలవే. గ్యాలరీ నడిపేవాళ్ల పనికి అంత విలువ ఉంది.

ముందే షాపు అద్దెకు తీసుకోవద్దు. అంతర్వేది తీర్థంలోనో, వాడపల్లి శనివారాల రద్దీలోనో చిన్న స్టాల్ పెట్టి ఏవి అమ్ముడవుతున్నాయో చూసుకోండి. ఆ తర్వాత ముద్రా రుణానికి బ్యాంకుకు వెళ్లండి. శిశు విభాగంలో 50 వేలు, కిశోర్‌లో 5 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు. చిన్న వ్యాపారాల కోసం ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ పోర్టల్‌లో పేరు నమోదుకు ఎవరికీ రూపాయి ఇవ్వనక్కర్లేదు, ఆధార్, పాన్ దగ్గర పెట్టుకుంటే మీరే చేసుకోవచ్చు.