కంటికి కనిపించని ప్లుటోనియాన్ని కొలిచేదెలా? మారలింగా నేర్పిన పాఠం

దక్షిణ ఆస్ట్రేలియాలోని ఎర్రమట్టి ప్రాంతం మారలింగా. బ్రిటన్ అక్కడ 1956, 1957 సంవత్సరాల్లో ఏడు అణుబాంబులను పేల్చి పరీక్షించింది. అయితే ఆ నేలలో ప్లుటోనియం ఎక్కువగా చేరింది ఆ పేలుళ్ల వల్ల కాదు. 1960 నుంచి 1963 వరకు టరానాకి అనే చోట జరిపిన ‘చిన్న ప్రయోగాల’ వల్ల. ప్రమాదం జరిగితే అణ్వాయుధం ఎలా ప్రవర్తిస్తుందో తెలుసుకోవడానికి, ప్లుటోనియం ఉన్న పరికరాలను సాధారణ పేలుడు పదార్థాలతో పేల్చారు. దాదాపు 22 కిలోల ప్లుటోనియం ధూళిగా, తునకలుగా చుట్టుపక్కల చెల్లాచెదురైంది.

ముప్పు ఎక్కడుంది?

ప్లుటోనియం-239 అర్ధజీవిత కాలం సుమారు 24,100 సంవత్సరాలు. అది వెలువరించే ఆల్ఫా కణాలను పలుచని కాగితం కూడా ఆపేస్తుంది. కాబట్టి అది శరీరం బయట ఉన్నంతవరకు ప్రమాదం తక్కువే. కానీ సన్నని ధూళితో కలిసి ఊపిరితిత్తుల్లోకి చేరితే ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోగలదు. కొంత భాగం రక్తంలో కలిసి ఎముకలకు, కాలేయానికి చేరుతుంది. క్యాన్సర్ ముప్పును పెంచుతుంది.

కొలిచే పద్ధతులు

ఆల్ఫా కణాలను పలుచని మట్టిపొర సైతం అడ్డుకుంటుంది. అందుకే పొలం కొలిచినట్లు నడుస్తూ ప్లుటోనియాన్ని నేరుగా కొలవడం కష్టం. ఇక్కడ అమెరీషియం-241 అనే మూలకం సాయపడుతుంది. ప్లుటోనియంలో కొద్దిగా ఉండే ప్లుటోనియం-241 సుమారు 14 ఏళ్ల అర్ధజీవిత కాలంతో క్షయమై అమెరీషియంగా మారుతుంది. అమెరీషియం దాదాపు 60 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలను వెలువరిస్తుంది. వాటిని వాహనానికో, హెలికాప్టరుకో అమర్చిన పరికరాలతో గుర్తించవచ్చు. ఒక అమెరీషియం పాలుకు ఎన్ని పాళ్ల ప్లుటోనియం ఉందో ప్రయోగశాలలో తేల్చుకుంటే, గామా కొలతల నుంచి ప్లుటోనియం ఎంతో లెక్కగట్టవచ్చు.

ప్రయోగశాలలో మట్టి నమూనాను ఆమ్లంలో కరిగించి, రసాయన పద్ధతుల్లో ప్లుటోనియాన్ని వేరుచేసి, దాని ఆల్ఫా కణాలను లెక్కిస్తారు. మాస్ స్పెక్ట్రోమీటరుతో ప్లుటోనియం-240, 239ల నిష్పత్తిని కూడా కనుగొంటారు. ప్రపంచమంతటా రాలిన అణుధూళిలో ఈ నిష్పత్తి సుమారు 0.18. ఆయుధాల కోసం తయారైన ప్లుటోనియంలో ఇంకా చాలా తక్కువ. ఆ తేడాను బట్టి అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పవచ్చు. గాలిలోని ధూళిని వడపోత కాగితాలపై సేకరించి పరీక్షించడమూ అంతే ముఖ్యం.

కొలత తప్పితే?

1967లో బ్రిటన్ అక్కడి మట్టిని దున్ని పైపొరను కిందికి కలిపి, శుభ్రం చేసే పని ముగించింది. 1984లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు మళ్లీ కొలిచినప్పుడు, అనుకున్నదానికన్నా ఎంతో ఎక్కువ కాలుష్యం బయటపడింది. ప్లుటోనియం అంటిన తునకలు నేలపైనే పడి ఉన్నాయి. చివరకు 1995–2000 మధ్య కలుషితమైన పైమట్టిని తొలగించి లోతైన కందకాల్లో పూడ్చారు.

ఎంత మోతాదు ప్రమాదకరమనేది అక్కడి ప్రజల జీవన విధానాన్ని బట్టి కూడా తేలుతుంది. ఆ నేల అనంగు అనే ఆదివాసీలది. వారు నేలమీదే కూర్చుంటారు, బయట మంట వేసుకుని వండుకుంటారు, ఆరుబయట నిద్రిస్తారు. పిల్లలు ఆ ధూళిలోనే ఆడతారు. పట్టణవాసి పీల్చే ధూళితో లెక్క వేస్తే వారికి వచ్చే మోతాదు తక్కువగా కనిపిస్తుంది. అందుకే శుద్ధి ప్రమాణాలను వారి జీవితాన్ని ఆధారంగా చేసుకుని నిర్ణయించారు.

టరానాకి చుట్టూ కొంత ప్రాంతంలో వేటాడవచ్చు, దాటి వెళ్లవచ్చు. నివాసం మాత్రం ఉండకూడదని అక్కడ హద్దు గుర్తులు పాతారు. పరీక్షా ప్రాంతంలోని చివరి భాగం 2009లో అనంగు ప్రజలకు తిరిగి దక్కింది. పూడ్చిన కందకాలపై మట్టి కోసుకుపోతోందా, జంతువులు తవ్వుతున్నాయా, గాలిలో ధూళి ఎలా ఉంది అనేవి ఇకముందూ గమనిస్తూ ఉండాల్సిందే.