డౌన్ సిండ్రోమ్ పిల్లలు – మన బడి, మన బాధ్యత

ఏటా జూన్‌లో బడులు తెరిచే రోజుల్లో హెడ్మాస్టరు గది బయట ఒక తల్లి గానీ, తండ్రి గానీ అందరికంటే వెనక నిలబడి ఉండడం మేము చూస్తుంటాం. రద్దీ తగ్గాక లోపలికి వచ్చి, "సార్, మా బాబు కాస్త నెమ్మది. చేర్చుకుంటారా?" అని అడుగుతారు. చాలా చోట్ల వాళ్లకు దొరికే జవాబులు మూడే. "ఇలాంటి పిల్లలకు చెప్పే టీచరు మా దగ్గర లేరు." "మిగతా పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకోరు." "వచ్చే ఏడాది చూద్దాం." వచ్చే ఏడాది మళ్లీ అదే మాట. చూస్తుండగానే బాబుకు తొమ్మిదేళ్లు, పదేళ్లు వస్తాయి. అప్పుడు "ఇంత పెద్దవాణ్ణి ఏ తరగతిలో కూర్చోబెడతాం?" అంటారు.

కొన్ని బడులు చేర్చుకుంటాయి. రిజిస్టరులో పేరు రాసి, వెనక బెంచీలో కూర్చోబెట్టి, చేతికి ఒక పలక ఇచ్చి ఊరుకుంటాయి. అల్లరి చేయకపోతే చాలు, మంచి పిల్లవాడే అంటారు. పేరు ఉంటుంది, హాజరు ఉంటుంది, మధ్యాహ్న భోజనం ఉంటుంది. పాఠం మాత్రం ఉండదు. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఇదే: డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు బడిలో చోటు ఇవ్వడం మన దయ కాదు, అది వాళ్ల హక్కు. ఆ చోటులో పాఠం కూడా అందితేనే ఆ హక్కు వాళ్లకు దక్కినట్టు. ఎందుకో, ఎలాగో వరుసగా చూద్దాం.

ఎవరి తప్పూ కాదు

మన శరీరంలోని కణాల్లో సాధారణంగా 46 క్రోమోజోములు, అంటే 23 జతలు ఉంటాయి. కొందరు బిడ్డల్లో 21వ జతలో రెండు ఉండవలసిన చోట మూడు ఉంటాయి. మొత్తం 47 అవుతాయి. ఆ ఒక్క అదనపు క్రోమోజోము వల్ల శరీర ఎదుగుదలలోను, నేర్చుకునే తీరులోను తేడా వస్తుంది. దీన్నే డౌన్ సిండ్రోమ్ అంటున్నాం. ఇక్కడ 'డౌన్' అంటే కింద అనో, తక్కువ అనో అర్థం కాదు. అది ఒక మనిషి ఇంటిపేరు. 1866లో జాన్ లాంగ్డన్ డౌన్ అనే ఇంగ్లండు వైద్యుడు ఈ పిల్లల లక్షణాలను వివరించి రాశాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. అసలు కారణం మాత్రం 1959లో గానీ తెలియలేదు. ఫ్రాన్సులో జెరోమ్ లెజ్యూన్ బృందం ఆ అదనపు క్రోమోజోమును గుర్తించింది. 21వ క్రోమోజోము మూడుసార్లు ఉంటుంది కనుక మూడో నెల 21వ తేదీని, అంటే మార్చి 21ని, ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినంగా పాటిస్తున్నారు. ఐక్యరాజ్యసమితి 2012 నుంచి దీన్ని జరుపుతోంది.

ప్రపంచమంతటా సుమారు వెయ్యి మంది బిడ్డల్లో ఒకరు ఇలా పుడతారు. ధనిక, పేద తేడా లేదు. కులం, మతం, దేశం తేడా లేదు. అయినా మన ఇళ్లలో ముందుగా నింద పడేది తల్లి మీదే. గ్రహణం నాడు బయటికి వచ్చిందని, కడుపుతో ఉండి ఏదో తిన్నదని, ఎవరి దిష్టో తగిలిందని అంటారు. ఇవేవీ కారణాలు కావు. మేనరికం మాట కూడా ఎత్తుతారు. దగ్గరి సంబంధాల వల్ల కొన్ని ఇతర జన్యు వ్యాధులు వచ్చే అవకాశం పెరుగుతుందన్నది నిజమే. కానీ డౌన్ సిండ్రోమ్‌కు దాన్ని కారణంగా చూపడం సరికాదు. నూటికి దాదాపు 95 మందిలో ఇది కణం విడిపోయేటప్పుడు యాదృచ్ఛికంగా జరిగే మార్పు. తల్లి వయసు పెరిగే కొద్దీ అవకాశం పెరుగుతుంది. 35 ఏళ్ల వయసులో సుమారు 350 కాన్పులకు ఒకటి, 40 ఏళ్లకు సుమారు 100 కాన్పులకు ఒకటి. అయినా చిన్న వయసు తల్లులకే ఎక్కువ కాన్పులు జరుగుతాయి కాబట్టి వాళ్లకు కూడా ఇలాంటి బిడ్డలు పుడుతూనే ఉంటారు. కొద్దిమందిలో మాత్రం తల్లి నుంచో, తండ్రి నుంచో వచ్చే ఒక రకం ఉంది. బిడ్డకు క్రోమోజోముల రక్త పరీక్ష చేయిస్తే ఆ సంగతి తెలుస్తుంది. తర్వాతి కాన్పు గురించి డాక్టరు సలహా చెప్పడానికి ఆ కాగితం పనికివస్తుంది.

అరవై ఏళ్ల జీవితం

"ఎంత చెప్పినా ఏం లాభం? ఎన్నాళ్లు ఉంటాడని?" అని పెద్దవాళ్లు అనడం వింటుంటాం. ఇది పాత కాలపు మాట. 1980ల తొలినాళ్లలో వైద్య వసతులు బాగా ఉన్న దేశాల్లో కూడా వీళ్ల సగటు ఆయుష్షు 25 ఏళ్లే. ఇప్పుడు అక్కడ అది దాదాపు 60 ఏళ్లకు చేరింది. గుండె ఆపరేషన్లు చిన్న వయసులోనే జరగడం, పిల్లల్ని సంస్థల్లో పడేయకుండా ఇంట్లో పెంచడం ఇందుకు ముఖ్య కారణాలు. అంటే సరైన వైద్యం అందితే ఈ పిల్లవాడు తల్లిదండ్రుల తర్వాత కూడా బతుకుతాడు. తన బట్టలు తాను వేసుకోవడం, తన పేరు రాయడం, డబ్బు లెక్క చూడడం, బస్సు బోర్డు చదవడం వచ్చిన మనిషిగా బతుకుతాడా, అన్నిటికీ ఇంకొకరి మీద ఆధారపడి బతుకుతాడా అన్నది ఈ చిన్న వయసులోనే తేలుతుంది. "వచ్చే ఏడాది చూద్దాం" అన్న మాట వెనక పోయేది ఒక ఏడాది మాత్రమే కాదు.

ముందు ఒంటి సంగతి చూడాలి

ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. కనుక పుట్టిన వెంటనే గుండె పరీక్ష తప్పనిసరి. థైరాయిడ్, చూపు, వినికిడి అప్పుడప్పుడు పరీక్షించాలి. కండరాల పట్టు తక్కువగా ఉండడంతో మెడ నిలపడం, కూర్చోవడం, నడవడం ఆలస్యమవుతాయి. చాలామంది రెండో ఏడు దాటే వేళకు నడుస్తారు, కొందరికి ఇంకా ఆలస్యమవుతుంది. ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ నెలల వయసులోనే మొదలుపెడితే మేలు.

ఇందుకు ప్రభుత్వ ఏర్పాటు ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లోను, ప్రభుత్వ బడుల్లోను పిల్లల్ని పరీక్షిస్తారు. అందులో చూసే సమస్యల్లో డౌన్ సిండ్రోమ్ ఒకటి. గుర్తించిన పిల్లల్ని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు.

ఉపాధ్యాయులు గుర్తుంచుకోవలసినవి రెండున్నాయి. మొదటిది వినికిడి. ఈ పిల్లల్లో చెవి మధ్యభాగంలో నీరు చేరడం మామూలు. "చెప్పిన మాట వినడు, మొండి" అనే ముందు, ఆ మాట అసలు వాడికి వినబడిందా అని చూడాలి. రెండోది మెడ. కొందరికి మెడలోని పై రెండు ఎముకల మధ్య పట్టు వదులుగా ఉంటుంది. డాక్టరును అడగకుండా డ్రిల్లు పీరియడులో పల్టీలు కొట్టించకూడదు. పరుగు, బంతాట, నడక అందరితో పాటు ఆడించవచ్చు.

వీళ్లు ఎలా నేర్చుకుంటారు?

డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో ఎక్కువమంది తెలివిలో కొద్దిపాటి లేదా మధ్యస్థ స్థాయి వెనకబాటు ఉన్నవాళ్లే. వాళ్లు నేర్చుకుంటారు, నెమ్మదిగా నేర్చుకుంటారు. విన్నదానికంటే చూసింది వాళ్లకు బాగా గుర్తుంటుంది. నోటితో చెప్పగలిగిన దానికంటే అర్థం చేసుకునేది ఎక్కువ. మాట స్పష్టంగా రాదు కాబట్టి ఏమీ తెలియదని మనం అనుకుంటాం. అది పొరపాటు.

1980 ప్రాంతంలో ఇంగ్లండులో ఒక తండ్రి, డౌన్ సిండ్రోమ్ ఉన్న తన కూతురికి మూడేళ్ల వయసు నుంచే చదవడం నేర్పానని, ఆ చదువు వల్ల మాట కూడా మెరుగైందని స్యూ బక్లీ అనే మనస్తత్వ పరిశోధకురాలికి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరంతో మొదలైన ఆమె పరిశోధన ఏళ్ల తరబడి సాగింది. అచ్చులో కనిపించే మాట ఈ పిల్లలకు మాట్లాడడానికి కూడా ఆసరా అవుతుందని తేలింది. సాధారణ బడుల్లో చదివిన డౌన్ సిండ్రోమ్ పిల్లలు, ప్రత్యేక బడుల్లో చదివిన అలాంటి పిల్లలకంటే మాటలోను, చదవడం రాయడంలోను బాగా ముందున్నారని కూడా ఆమె బృందం గమనించింది. తోటిపిల్లల మాటలు రోజంతా చెవిన పడడం చిన్న సంగతి కాదు.

తరగతిలో దీన్ని ఎలా అమలు చేయాలి? మూడో తరగతిలో 'మొక్క భాగాలు' పాఠం ఉందనుకోండి. మిగతా పిల్లలు ఐదు వాక్యాలు రాస్తారు. ఈ పిల్లవాడికి నిజమైన మొక్క ఒకటి, 'వేరు', 'ఆకు', 'పువ్వు' అని పెద్ద అక్షరాలతో రాసిన మూడు అట్టముక్కలు ఇవ్వాలి. ఏ మాట ఏ భాగం పక్కన పెట్టాలో వాడు చూసి పెడతాడు. పాఠం అందరిదీ ఒకటే, చేరవలసిన మెట్టు మాత్రం వాడిది. వచ్చే వారం మూడు మాటలు ఐదవుతాయి. లెక్కలకు చింతగింజలు, నిజమైన నాణేలు వాడాలి. ఒకసారి ఒక పని మాత్రమే చెప్పాలి. "పుస్తకం మూసి, బ్యాగులో పెట్టి, వరుసలో నిలబడు" అంటే మూడు పనులు. చివరిది ఒక్కటే గుర్తుండవచ్చు. ప్రశ్న అడిగాక మనసులో పది లెక్కపెట్టి ఆగాలి. ఆ వ్యవధిలో చాలాసార్లు జవాబు వస్తుంది. ఆగలేక మనమే చెప్పేస్తే, ఎదురు చూస్తే చాలునని వాడు నేర్చుకుంటాడు.

అతిగా ముద్దు చేయడం కూడా హాని. తొమ్మిదేళ్ల పిల్లవాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకోవడం, వాడి ప్లేటు ఇంకొకరు కడగడం, తప్పు చేస్తే "పాపం, వాడికేం తెలుసు" అనడం మంచిది కాదు. తరగతిలో అందరికీ ఉన్న నియమమే వాడికీ ఉండాలి, పనులు పంచితే వాడికీ ఒకటి రావాలి. పక్కన కూర్చునే పిల్లల్ని వారం వారం మార్చాలి. ఒక్కరినే పెడితే స్నేహం పోయి కాపలా అవుతుంది.

చట్టం ఏమంటుంది?

2009 విద్యా హక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ వర్తిస్తుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఇంకొంచెం ముందుకు వెళ్లింది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు. దగ్గరలోని సాధారణ బడి కావాలా, ప్రత్యేక బడి కావాలా అన్నది వాళ్లే ఎంచుకోవచ్చు. ప్రభుత్వ నిధులు పొందే, గుర్తింపు ఉన్న విద్యాసంస్థలు వైకల్యం పేరుతో ప్రవేశం నిరాకరించకూడదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సమగ్ర శిక్షా కింద 'భవిత' కేంద్రాలు నడుస్తున్నాయి. ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులు అక్కడ ఉంటారు. "చెప్పే టీచరు లేరు" అనే ముందు అక్కడికి వెళ్లి అడగాలి. సదరం శిబిరంలో పరీక్ష చేయించి ధ్రువపత్రం తీసుకుంటే పింఛను, బస్సు రాయితీ వంటి వాటికి దారి దొరుకుతుంది. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ, మేధో వైకల్యం ఉన్నవారికి పరీక్షలు, తల్లిదండ్రులకు సలహా, ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తోంది. మామూలు పరీక్షలు కష్టమైన పిల్లలకు సార్వత్రిక విద్యాపీఠం ఉంది.

18 ఏళ్లు నిండాక చట్టం దృష్టిలో వాళ్లు మేజర్లు. సంతకాలు, ఆస్తి వ్యవహారాలు చూడడానికి సంరక్షకుడు అవసరమైతే, 1999 నేషనల్ ట్రస్టు చట్టం కింద జిల్లా కలెక్టరు ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేయాలి. ఆ ట్రస్టు వారి 'నిరామయ' పథకంలో లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఉంది.

స్పెయిన్ దేశంలో మలగా నగరానికి చెందిన పాబ్లో పినేదా డౌన్ సిండ్రోమ్‌తో పుట్టి, సాధారణ బడుల్లోనే చదివి, విశ్వవిద్యాలయంలో ఉపాధ్యాయ విద్య పూర్తిచేశాడు. 2009లో శాన్ సెబాస్టియన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి అందుకున్నాడు. ప్రతి పిల్లవాడూ పినేదా కాడు, కానక్కరలేదు. మామూలు పిల్లలందరూ కలెక్టర్లు కారు కదా! అయినా వాళ్లందరికీ పాఠం చెబుతూనే ఉన్నాం.

పాఠకులకు మా విన్నపం

ఇలాంటి బిడ్డ ఉన్న ఇంటికి బియ్యం, బట్టలు ఇవ్వడం మంచిదే. వాటితో పాటు ఇంకొన్ని ఇవ్వగలం. సదరం శిబిరానికి ఆ తల్లితో పాటు వెళ్లి వరుసలో నిలబడవచ్చు. జిల్లా కేంద్రంలో థెరపీకి వారం వారం అయ్యే బస్సు ఖర్చు ఒక ఏడాది పాటు ఎవరైనా భరించవచ్చు. బడిలో కాదన్నప్పుడు చట్టం తెలిసిన నలుగురు వెళ్లి మర్యాదగా మాట్లాడవచ్చు. దుకాణం ఉన్నవారు సరుకు సర్దడం, పొట్లాలు లెక్కపెట్టడం వంటి పని ఒక యువకుడికి నేర్పి, జీతం ఇవ్వవచ్చు.

పెళ్లి పిలుపుకు వెళ్లినప్పుడు "వాణ్ణి కూడా తీసుకురండి" అని నోరారా చెప్పండి. ఆ ఒక్క మాట లేక ఎందరో తల్లులు శుభకార్యాలకు వెళ్లడం మానుకున్నారు. వాడు సలాం చెబితే తల్లి వైపు చూడకుండా, వాడి వైపు చూసి జవాబివ్వండి. పేరు అడగండి. జవాబు ఆలస్యంగా వస్తుంది. వచ్చేదాకా ఆగండి.