నాలుగవ దైవము

తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లియందు, విద్య ముగించి గురుకులమును విడిచిపోవు శిష్యునకు ఆచార్యుడు చేయు ఉపదేశ మొకటి కలదు. తల్లిని, తండ్రిని, ఆచార్యుని, అతిథిని దైవములుగా చూడవలెనని అందు చెప్పబడినది. ఈ నలువురిలో మొదటి ముగ్గురు మనకు తెలిసినవారు. తల్లిదండ్రుల యొడిలో పెరిగితిమి. గురువును మనమే వెదకికొని పోయితిమి. నాలుగవవాడు మాత్రము ఎవడో తెలియదు. ఎప్పుడు వచ్చునో, ఏ భాష పలుకునో, ఏమి తినునో తెలియదు. తిథి నియమము లేక వచ్చువాడు గనుకనే అతనికి అతిథి యని పేరు కలిగినదని పెద్దలు చెప్పుదురు.

అతిథిధర్మము గృహస్థులకే చెప్పబడినదని మనము సామాన్యముగా తలంతుము. ఇక్కడ దానిని వినుచున్నవాడు యువకుడు. అంతవరకు తెలిసిన ముఖముల నడుమనే పెరిగినవాడు ఇప్పుడు తెలియని ముఖములున్న లోకములోనికి పోవుచున్నాడు. ఆ గడపమీద నిలిపి ఈ మాట చెప్పుటలో ఆచార్యుని దూరదృష్టి కనబడుచున్నది.

ఒక రాత్రి యుండి పోవు అతిథిని పూజించుట కష్టము కాదు. అన్నము పెట్టి, పడక యిచ్చి, మరునాడు సాగనంపవచ్చును. వచ్చినవాడు మరలిపోక మన వీథిలోనే కాపురముండి, మనము చేయగోరిన పనినే మనకంటె తక్కువ కూలికి చేయుచుండినయెడల ఏమి చేయుదుము? అప్పుడును అతడు దైవమేనా? పందొమ్మిదివందల ముప్పదవ సంవత్సరమున రంగూను నగరములో ఈ ప్రశ్న వీథికెక్కినది. అక్కడ అతిథులు మన తెలుగువారే.

కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము రేవులలో ఓడలెక్కి వేలకొలది తెలుగువారు బర్మాకు పోయెడివారు. మన ఉత్తరాంధ్ర గ్రామములలో ఆ నగరమును రంగమనియే పిలిచెడివారు. అక్కడి బియ్యపు మిల్లులలోను, రేవులోను బరువులు మోసినది, రిక్షాలు లాగినది చాలవరకు వీరే. కాకినాడ చేరువనున్న కోరంగి రేవు పేరున వారిని కోరంగీలనిరి. మొదట అది ఊరిపేరు. కొంతకాలమునకు తిట్టుగా మారినది. మేస్త్రీ యిచ్చిన బయానాకు కట్టుబడి, ఇరుకు గదులలో పదులకొలది మంది పడుకొని, మిగిలిన డబ్బు ఇంటికి పంపెడివారు. 1931 జనాభా లెక్కలనాటికి రంగూను ప్రజలలో సగమునకు మించి భారతీయులే. తన దేశపు రాజధానిలో తానే అల్పసంఖ్యాకుడైన బర్మావాని మనస్సు ఎట్లుండునో పాఠకుడు ఒకింత ఊహింపవలెను.

1930 మే నెలలో రేవుకూలీలైన తెలుగువారు కూలి పెంచవలెనని సమ్మె కట్టిరి. సరకులెత్తించు కంపెనీలవారు వారి స్థానమున బర్మావారిని పెట్టుకొనిరి. కొన్ని దినములకు రాజీ కుదిరినది; తెలుగువారికి కూలి కొంత పెరిగినది. మే 26వ తేదీ ఉదయమున బర్మా కూలీలు ఎప్పటివలె రేవునకు రాగా, ఇక మీతో పని లేదు పొమ్మనిరి. ఉభయులును ఎదురుపడిరి. ఎగతాళి మాటలు లేచినవి, పిదప చేతులు లేచినవి. ఆ దినమును, తరువాతి దినములును నగరమున జరిగిన హింసలో నూరుమందికి పైగా మరణించిరి, వందలకొలది గాయపడిరి. చనిపోయినవారిలో అత్యధికులు భారతీయులు. అల్లరి అణగిన పిమ్మట రేవుపనిని ఉభయ జాతులకును పంచి యిచ్చు ఏర్పాటు జరిగినది. ఆ పంపకము ముందే జరిగియుండిన యెడల ఎన్ని ప్రాణములు నిలిచియుండెడివో!

ఈ కథలో విచారింపవలసిన అంశ మొకటి కలదు. ఇరువురిని ఒకే పనికి పిలిచి, ఒకరిని తొలగించి, ఆ సంగతిని ముందుగా చెప్పక రేవువరకు రప్పించినవారి మీద ఎవ్వరును చేయి యెత్తలేదు. ఆకలిగొన్నవాడు ఆకలిగొన్నవానినే కొట్టెను. బర్మా రైతునకు భారతీయులపై న్యాయమైన ఫిర్యాదు లేకపోలేదు. అప్పు తీర్చలేని రైతుల భూములు చెట్టియార్ల వశమగుచుండెను. 1930వ దశకము ముగియునాటికి దిగువ బర్మాలోని ముఖ్యమైన వరి జిల్లాలలో దాదాపు నాలుగవవంతు భూమి వారి చేతిలోనికి పోయినది. రేవున మూటలు మోయు తెలుగువాడు ఎవ్వరికిని అప్పిచ్చినవాడు కాడు. తానే మేస్త్రీకి అప్పుపడినవాడు. ద్వేషమునకు ఈ వివేచన లేదు. దానికి ముఖములు కనబడవు, పేరొక్కటియే కనబడును.

ఇట్టి అంధత్వము ఆ కాలమునకే చెల్లిపోలేదు. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున, ఓలేత్ పట్టణములో, ఒక తెలుగు ఇంజనీరును తుపాకితో కాల్చి చంపినవాడు తాను ఇరానువారిని కాల్చితినని భావించెను. ఆ సమయమున అక్కడనే యున్న ఇరువదినాలుగేండ్ల అమెరికా యువకుడొకడు, తనకేమియు కాని ఆ పరదేశుల కొరకు, హంతకుని పట్టుకొనబోయి గుండు దెబ్బ తినెను. అతనికి అతిథిధర్మమును బోధించిన ఆచార్యుడెవరో మనకు తెలియదు.

మరల బర్మాకు పోవుదము. రంగూను అల్లరుల వేడిలోనే, ఆ సంవత్సరమే, బర్మా యువకులు దేశము మాది, భాష మాది యను నినాదముతో దొబామా సంఘమును స్థాపించిరి. స్వదేశాభిమానము తప్పు కాదు. పరాధీనమైన జాతికి అది ప్రాణవాయువు. అయినను, మాది యను మాట వెంట నీది కాదు అను మాట నీడవలె వచ్చును. 1938లో భారతీయ ముస్లిములపై మరల అల్లరులు చెలరేగినవి.

అదే దేశమున, అదే జాతీయభావమునుండి మరియొక ఫలమును పండినది. 1920లో రంగూను విశ్వవిద్యాలయ చట్టమును నిరసించి విద్యార్థులు చేసిన సమ్మెనుండి జాతీయ పాఠశాలలు పుట్టినవి. మాందలేలోని అట్టి పాఠశాలకు అబ్దుల్ రజాక్ అనునతడు ప్రధానోపాధ్యాయుడుగా పెక్కేండ్లు పనిచేసెను. అతని తండ్రి తమిళ ముస్లిము, తల్లి బర్మా బౌద్ధురాలు. అతడు తన ఇస్లామును విడువలేదు. పాళీ భాషను నేర్చి బౌద్ధమును శ్రద్ధతో అధ్యయనము చేసెను. బర్మా బాలురు కాలావాడని ఏ జాతిని గేలిచేయుటకు అలవాటుపడిరో, ఆ రక్తము పంచుకొన్నవానియొద్దనే తమ దేశచరిత్ర చదివికొనిరి. పరమత సహనమును గూర్చి ఆయన వారికి ప్రత్యేకముగా ఉపన్యసించెనో లేదో, అది ముఖ్యము కాదు. ప్రతిదినము ఎదుట నిలిచిన ఆ మనిషియే వారికి పాఠము. తరువాత ఆయన ఆంగ్ సాన్ మంత్రివర్గములో విద్యాశాఖను వహించెను. 1947 జూలై 19న రంగూను సచివాలయమున సమావేశమందుండగా ఆంగ్ సాన్‌తోపాటు ఆయనయు హత్యకు గురియయ్యెను. ఆయన అంగరక్షకుడైన కో త్వే, పదునెనిమిదేండ్ల బాలుడు, అక్కడనే ప్రాణము విడిచెను. నేటికిని ఆ దేశము జూలై 19ని అమరుల దినముగా పాటించుచున్నది.

ఇక్కడ ఒక చిన్న ప్రసక్తి. ఆంగ్లగ్రంథములను తెనిగించు పనిలో 'సహనము' అను పదమును వ్రాయవలసి వచ్చినప్పుడెల్ల నా కలము ఒక్క క్షణము ఆగును. ఎండను సహింతుము, దోమకాటును సహింతుము. సాటి మానవుని గూడ అట్లే సహించుట చాలునా? 1893లో చికాగో సర్వమత మహాసభయందు వివేకానందస్వామి సహనముతో ఆగక, అన్ని మతములను సత్యములుగా అంగీకరించుటను గూర్చి పలికిరి. నాటికి వారి వయస్సు ముప్పది సంవత్సరములు. సహనమునకు దూరమున నిలిచియుండుట చాలును. అంగీకారమునకు దగ్గరకు పోవలెను. రంగూనులో 1921లో రామకృష్ణ సేవాశ్రమము చికిత్సాలయము నెలకొల్పినపుడు, పక్కపక్క మంచములపై బర్మావాడు, తెలుగువాడు, చీనావాడు పరుండిరి. జ్వరము చూడవచ్చినవాడు మొదట నాడిని చూచును; జాతిని తరువాత అడుగును, లేదా అడుగనే అడుగడు.

మన యువజనులకు చేయించవలసిన విద్యాభ్యాసము ఇట్టిదని నా తలంపు. ఐకమత్యమును గూర్చి వ్యాసరచన పోటీలు పెట్టి బహుమతులిచ్చుట సులభము. బహుమతి పొందిన బాలుడు ఇంటికి పోవుచు దారిలో పరదేశి కూలీని పేరుపెట్టి వెక్కిరించుటయు సులభమే. వ్యాసములోని పరదేశి కాగితముమీదివాడు గదా!

1960లలో బర్మాలో దుకాణములను, వ్యాపారములను ప్రభుత్వము స్వాధీనపరచుకొనగా లక్షలకొలది భారతీయులు చేతిసంచితో తిరిగివచ్చిరి. విశాఖపట్టణమున బర్మా క్యాంపు అను పేట నేటికిని ఉన్నది. మన జాతి పరదేశిగా ఎట్లుండెనో తెలిసికొనగోరు యువకుడు ఓడయెక్క నక్కరలేదు. ఆ పేటలోని వృద్ధులయొద్ద ఒక సాయంకాలము కూర్చుండిన చాలును. మాది యని నమ్మిన ఊరు ఒక్కనాడు మీది కాదు పొమ్మన్నపుడు ఏమగునో వారు చెప్పగలరు.

ఇక మన గడపకడ నున్నవారి మాట. పశ్చిమ ఒడిషానుండి భార్యాబిడ్డలతో వచ్చి తెలంగాణములోని ఇటుక బట్టీలలో పనిచేయు కుటుంబములు కలవు. దళారి యిచ్చిన బయానాకు కట్టుబడి వారు వచ్చుచున్నారు. నాడు రంగూనుకు పోయిన మన తాతలు వచ్చినట్లే. బట్టీలకడ వారి పిల్లలకు ఒడియాలోనే చదువు చెప్పు పాఠశాలలు కొన్ని జిల్లాలలో నడపబడినవి. మన విద్యార్థి సంఘములకు, యువక మండలులకు ఇంతకంటె మంచి పని నాకు తోచుట లేదు. వారమునకు రెండు సాయంకాలములు అక్కడికి పోవలెను. తెలుగు నేర్పుటకు ముందు ఇరువది ఒడియా మాటలు వారియొద్ద నేర్చికొనవలెను; ఉపకారము చేయవచ్చినవాడు శిష్యుడై కూర్చుండినగాని అహంకారము కరగదు. రేపు ఊరిలో దొంగతనము జరిగి, అది ఆ బట్టీవారి పనియేనని పదిమంది అరచుచు బయలుదేరినపుడు, ఆ గుంపునకు ఎదురుగా నిలువవలసినవాడు ఈ యువకుడే. వారి పేర్లు తెలిసినవాడు అతడు. ఫలానావాడు ఆ రాత్రి జ్వరముతో పడియుండెనని, ఫలానావాని బిడ్డకు నేనే మందు తెచ్చితినని చెప్పగలవాడు అతడు. గుంపులో ఎవ్వరికిని తెలియని ఊరిపేరు, ఆ కుటుంబము విడిచివచ్చిన ఒడిషా గ్రామము పేరు, అతని నోట పలుకును.