రంగుకూ ఉంది పదును
(కాన్వాసు మీద అక్రిలిక్ రంగులను నునుపుగా కలపడం – కొత్తవారికి నాలుగు మాటలు)

చిత్రలేఖనం గురించి వ్రాయడానికి నీకేం అర్హత ఉందని ఎవరైనా అడిగితే నా దగ్గర గట్టి సమాధానం లేదు. నేను బి.ఎస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థిని. మాది చోడవరం దగ్గర ఒక పల్లె. వరి, చెరకు మా జీవనాధారం. కుంచె పట్టడం నాకు ఎవరూ నేర్పలేదు. కాకపోతే కిందటి ఏడాది ఒక పెద్ద కాన్వాసును సర్వనాశనం చేశాను. అది ఎందుకు పాడైందో తెలుసుకునే క్రమంలో కొంత రసాయనశాస్త్రమూ, కొంత వ్యవసాయమూ కొత్తగా అర్థమయ్యాయి. ఆ అర్హతతోనే ఈ వ్యాసం వ్రాస్తున్నాను. పెద్దలు తప్పులుంటే మన్నించాలి.

సంగతి ఇది. ఒకనాడు తెల్లవారుజామున రామకృష్ణా బీచికి వెళ్ళాను. సూర్యుడింకా రాలేదు. కుడివైపు డాల్ఫిన్స్ నోస్ కొండ నల్లగా పడుకుని ఉంది. దూరాన లంగరు వేసిన ఓడల దీపాలు ఇంకా ఆరలేదు. ఆకాశం పైన ముదురు నీలం, కిందికి వచ్చేసరికి గులాబి, సముద్రాన్ని తాకేచోట పసుపు. నీలం ఎక్కడ అయిపోయి గులాబి ఎక్కడ మొదలైందో ఎంత చూసినా గీత దొరకలేదు. మన కాలేజీ చిత్రకళా ప్రదర్శనకు ఇదే వేయాలని అక్కడే నిశ్చయించుకున్నాను.

డబ్బు కావాలి. రికార్డు పుస్తకాలకని ఇంటికి కబురు చేశాను. నాన్న పంపారు. ఆ డబ్బుతో మూడడుగుల కాన్వాసు, ఆరు ట్యూబుల రంగులు, రెండు కుంచెలు కొన్నాను. ఆదివారం మధ్యాహ్నం హాస్టలు గదిలో ఫ్యాను పూర్తిగా తిప్పి, సముద్రం వైపు కిటికీ తెరిచి, నీలం పూశాను. దాని కింద గులాబి, ఆ కింద పసుపు పూశాను. ఇక అంచులు కలుపుదామని కుంచె పెట్టేసరికి నీలం అప్పుడే సగం ఆరిపోయింది. రుద్దాను. రంగు పొక్కులుగా లేచింది. ఇంకా రుద్దాను. కాన్వాసు నేత బయటపడింది. నీళ్ళు చల్లాను. చారలు దిగాయి. సాయంత్రానికి ఆకాశం కాస్తా వెల్ల రాలిన గోడలా తయారయింది.

ఈ రంగు ఎలా ఆరుతుంది?

ముందు ఇది తెలియాలి. తెలిస్తే సగం పని అయినట్లే.

నీటి రంగులలో జిగురు నీటిలో కరిగేది. ఆరిన తర్వాత తడి కుంచె తగిలితే మళ్ళీ మెత్తబడుతుంది. శ్రీకాకుళంలో 1921లో పుట్టి 1992లో కన్నుమూసిన వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలు 'చందమామ', 'యువ' పాత సంచికల మీద చూడండి. ఒక రంగు మరొక రంగులోకి కరిగిపోయే ఆ సొగసు నీటి రంగు స్వభావానికి, ఆయన చేతి నేర్పుకు చెందినది. తైలవర్ణాలు మరో రకం. అవిసెనూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడడానికి రోజులు పడుతుంది కనుక చిత్రకారుడికి కావలసినంత వ్యవధి ఉంటుంది.

అక్రిలిక్ ఈ రెండూ కాదు. నీటితో కలిసే అక్రిలిక్ రంగులు చిత్రకారుల కోసం అమెరికాలో 1950ల మధ్యలో అమ్మకానికి వచ్చాయి. 1925లో పోయిన మన దామెర్ల రామారావు గారికి ఇవి తెలిసే అవకాశమే లేదు. ఇందులో ప్లాస్టిక్ జాతికి చెందిన పాలిమర్ కణాలు నీటిలో తేలుతూ ఉంటాయి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో సుమారు పదివేలో వంతు ఉంటుంది. నీరు ఆవిరైపోగా ఈ కణాలు దగ్గరకు జరిగి, ఒకదాన్నొకటి నొక్కుకుని, చివరకు అతుక్కుని ఒకే పొర అవుతాయి. ఒకసారి పొర కట్టిన తర్వాత ఎన్ని నీళ్ళు పోసినా తిరిగి విడిపోవు. పాలు తోడుకుని పెరుగయ్యాక మళ్ళీ పాలు కానట్లే.

కాబట్టి మనకున్న వ్యవధి నీరు ఆవిరయ్యేదాకానే. పలుచని పూత పది ఇరవై నిమిషాలలో ఆరిపోవచ్చు. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే నెమ్మదిగా ఆరుతుంది. తడి పూత మీద నీటి ఆవిరితో నిండిన గాలి పొర ఒకటి నిలిచి ఉంటుంది. ఫ్యాను ఆ పొరను ఎప్పటికప్పుడు తోసేస్తుంది కనుక త్వరగా ఆరుతుంది. భౌతికశాస్త్రం తరగతిలో ఇది విని, నోట్సులో వ్రాసుకుని, పరీక్షలో మార్కులు తెచ్చుకుని, గదిలో ఫ్యాను కింద కూర్చున్నాను చూడండి! చదువు వేరు, తెలివి వేరు.

నాన్న చెప్పిన మాట

కాన్వాసు పాడైన మూడో రోజున చెప్పా పెట్టకుండా నాన్న వచ్చారు. భుజాన బియ్యం మూట, చేతిలో బెల్లం. కాన్వాసు దాచడానికి గదిలో చోటెక్కడిది? ఆయన చాలాసేపు దాన్నే చూశారు.

"ఏట్రా బాబూ ఇది?"

"ఆకాశం నాన్నా."

"ఆకాశవేటి, ఇలగ బెడ్డలు బెడ్డలుగా ఉంది?"

"సగం ఆరిపోయాక మళ్ళీ మళ్ళీ రుద్దాను."

ఆయన వేలితో ఆ పొక్కులు తడిమి అన్నారు: "మరదే. పదును దాటిపోయినాక నాగలి దించితే బెడ్డలే వత్తాయి. తడి ఎక్కువున్నప్పుడు దిగితే బురద. పదునున్నప్పుడే ఒక సాలు దున్నీసి ఒగ్గేయాల. మిగిలింది మళ్ళీ వానకి."

అంతే. రికార్డు పుస్తకాల మాట ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆయన బస్సెక్కి వెళ్ళిపోయాక ఆ మాట నాలో తిరుగుతూనే ఉంది. పుస్తకాలలో పేజీలకొద్దీ వ్రాసిన విషయమంతా ఆ నాలుగు ముక్కలలో ఉంది. రంగు తడిగా ఉన్నప్పుడు కలపాలి. పదును పోగానే ఆపాలి. పూర్తిగా ఆరనిచ్చి మళ్ళీ తడిపి మొదలుపెట్టాలి. సగం ఆరిన రంగు జోలికి పోకూడదు. మిగతావన్నీ ఈ సూత్రానికి వివరాలే.

సామగ్రి

నూలు కాన్వాసు చాలు. నేర్చుకునేటప్పుడు అట్టకు అంటించిన కాన్వాసు బోర్డు ఇంకా చవక. పైన జెస్సో రెండు పూతలు వేసి, ఆరిన తర్వాత సన్నని గరుకు కాగితంతో తేలికగా రుద్దండి. నేత గుంటలు పూడితే కుంచె జారుతుంది. వెడల్పాటి చదును కుంచెలు రెండు, పొడిగా ఉంచుకునే మెత్తని కుంచె ఒకటి, మంగలి షాపులో వాడే లాంటి నీటి స్ప్రే సీసా, పాత గుడ్డలు కావాలి. రంగులు పెట్టుకోవడానికి ఒక పళ్ళెంలో తడిగుడ్డ పరిచి, దానిపై బేకరీలలో వాడే బటర్ పేపరు వేయండి. కింది నుంచి తేమ అందుతూ రంగు గంటల తరబడి ఆరకుండా ఉంటుంది. నారుమడికి నీరు పెట్టినట్లే ఇది.

తెలుపు, నీలం, ఎరుపు, పసుపు, మట్టి రంగు ఉంటే మొదలుపెట్టవచ్చు. ఈ రంగుల చుట్టం మన ఊళ్ళోనే ఉందని చాలామందికి తెలియదు. తెలుపులో ఉండేది టైటానియం డయాక్సైడ్. టైటానియం ఇచ్చే ఇల్మనైట్ ఖనిజం మన భీమునిపట్నం ఇసుకలో ఉంది. మట్టి ఎరుపులో ఉండేది ఐరన్ ఆక్సైడ్. బైలదిల్లా నుంచి కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం మీద మన పోర్టుకు దిగే ఇనుప ఖనిజం ముఖ్యంగా అదే పదార్థం.

మొదటి పద్ధతి: తడి మీద తడి

ఒకటి. కుంచె ముట్టకముందే మధ్య రంగులు కలిపి పెట్టుకోండి. నీలం నుంచి గులాబికి వెళ్ళాలంటే మధ్యలో కనీసం మూడు మెట్లు కావాలి. కాన్వాసు మీద కలుపుదాంలే అనుకుంటే అక్కడ పదును పోతుంది.

రెండు. ఏ రంగు పక్కన ఏ రంగు ఉందో చూసుకోండి. నీలం, పసుపు కలిస్తే ఆకుపచ్చ వస్తుంది. తెల్లవారుజామున ఆకాశం ఆకుపచ్చగా ఉంటే చూసేవారు నవ్వుతారు. నీలం, నారింజ కలిస్తే బూడిద కలిసిన మట్టి రంగు వస్తుంది. కారణం, ఒకటి మింగని కాంతిని రెండోది మింగేస్తుంది. అందుకే ప్రకృతిలోలాగానే నీలానికీ పసుపుకీ మధ్య తెలుపు కలిసిన గులాబిని పెట్టాలి.

మూడు. ఫ్యాను ఆపండి. కాన్వాసు మీద స్ప్రేతో సన్నగా తుంపర కొట్టండి. నీరు కారకూడదు, చెమ్మ ఉండాలి.

నాలుగు. లేత రంగుతో మొదలుపెట్టి ముదురు వైపు పట్టీలుగా పూయండి. ప్రతి పట్టీ ముందుదాని అంచు మీద వేలెడు మేర ఎక్కాలి. అంచు దగ్గర కుంచెను ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు, పొడవుగా, తేలికగా ఆడించండి. ప్రతి రెండు మూడు ఊపులకూ కుంచెను గుడ్డతో తుడవండి. లేకపోతే నీలం పసుపులోకి నడిచి వెళుతుంది.

అయిదు. చివరగా పొడి మెత్తని కుంచెతో, ఆవు వీపు నిమిరినంత సుతారంగా, ఒక్కసారి పై నుంచి పోనివ్వండి. కుంచె జాడలు మాయమవుతాయి.

ఆరు. మెరుపు తగ్గినా, కుంచె పట్టుకున్నట్లనిపించినా పదును పోయిందన్నమాట. అక్కడ ఆపండి. బాగోలేదని మనసు పీకుతున్నా సరే, ఆపండి! ఇదే అన్నిటికంటే కష్టమైన మెట్టు. నేను గది బయటికి వచ్చి తలుపు తాళం వేసి మెస్సుకు వెళ్ళిపోయేవాణ్ణి. పూర్తిగా ఆరిన పూత మీద మళ్ళీ తుంపర కొట్టి రెండో పూత వేస్తే మొదటిది చెక్కుచెదరదు. ఆరిపోవడమే అక్రిలిక్ దోషమనుకున్నాను గాని, నిజానికి అదే దాని సుగుణం. తప్పు మీద ఒప్పు వ్రాసుకునే అవకాశం ఇస్తుంది.

రెండో పద్ధతి: పొర మీద పొర

తొందర చేతకాని వారికి ఇది మంచిది. రంగును పలుచన చేసి, అద్దంలా కింది పూత కనిపించేటట్లు ఒక్కొక్క పొరా వేయాలి. ప్రతి పొరా ఆరాకనే తర్వాతది. ఆరేడు పొరలకు నీలం గులాబిలోకి తానే కరుగుతుంది. పలుచన చేయడానికి అక్రిలిక్ మీడియం వాడడం మేలు. నీరు మరీ ఎక్కువైతే పాలిమర్ కణాలు చెదిరిపోయి పొర బలహీనమవుతుంది. ఇసుక ఎక్కువైన సిమెంటు లాగన్నమాట.

ఓపిక లేదనేవారికి ఒక మాట. డేవిడ్ హాక్నీ 1967లో కాలిఫోర్నియాలో ఈతకొలను చిత్రం ఒకటి అక్రిలిక్‌లో వేశాడు. నీటిలోకి ఎవరో దూకగా లేచిన తుంపర అందులో ఉంది. నిజంగా రెండు క్షణాలుండే ఆ తుంపరను చిత్రించడానికి ఆయనకు రెండు వారాలు పట్టిందట. మనకు రెండు ఆదివారాలు పడితే నష్టమేముంది?

పొగ, మంచు, మేఘాలకు పొడి కుంచె. రంగు ముంచి, గుడ్డ మీద దాదాపు అంతా తుడిచేసి, మిగిలినదానితో ఆరిన పూత మీద సున్నాలు చుట్టినట్లు రుద్దాలి. గాజువాక వైపు ఉక్కు కర్మాగారం పొగగొట్టాల మీద సాయంత్రం నిలిచే పొగ ఇలాగే వస్తుంది.

కొన్ని జాగ్రత్తలు

తడి రంగులోని పాల తెలుపు ఆరాక పోతుంది కనుక రంగు కాస్త ముదురుతుంది. ముందు కాగితం ముక్క మీద పూసి, ఆరాక చూసుకోండి.

రంగు ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డరు షాపులలో దొరుకుతుంది. కొద్ది చుక్కలే వాడాలి. ఎక్కువైతే పూత జిడ్డుగా ఉండిపోతుంది. చెమట పట్టే మన విశాఖ గాలిలో తుంపరతోనే చాలావరకు సరిపోతుంది.

చలి కూడా మంచిది కాదు. సుమారు పది డిగ్రీల కంటే చల్లగా ఉంటే కణాలు సరిగా అతుక్కోవు. విశాఖలో ఆ భయం లేదు. డిసెంబరు తెల్లవారుజామున లంబసింగిలో కూర్చుని వేస్తానంటే మాత్రం ఆలోచించుకోండి.

కుంచెను పని మధ్యలో ఆరనివ్వకండి. ఆరితే కర్రే మిగులుతుంది. కడిగే ముందు రంగును గుడ్డతో తుడిచేయండి. అది ప్లాస్టిక్, కాలువలోకి పోకూడదు.

ఆరిన అక్రిలిక్ మీద తైలవర్ణం వేయవచ్చు. తైలవర్ణం మీద అక్రిలిక్ వేయకూడదు, నిలవదు.

చివరి మాట

పాడైన ఆ కాన్వాసునే గరుకు కాగితంతో రుద్ది, జెస్సో పూసి, మళ్ళీ వేశాను. కొత్తది కొనే స్తోమత లేదు. ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ మూడు ఆదివారాలు కూర్చున్నాను. ప్రదర్శనలో బహుమతి రాలేదు. ఒక మాస్టారు మాత్రం దగ్గరికి వచ్చి, నీలం ఎక్కడ ఆగిందో వేలితో వెతికి, దొరక్క నవ్వి వెళ్ళారు. నాకది చాలు.

సంక్రాంతికి ఆ చిత్రం ఇంటికి తీసుకువెళ్ళాను. నాన్న దాన్ని వీధి అరుగు మీద వెలుతురులో నిలబెట్టి, వేలితో పైనుంచి కిందికి తడిమారు. "ఇప్పుడు సదునైంది" అన్నారు. ఇప్పుడది మా ఇంట్లో ధాన్యం గాదె పక్కన గోడకు ఉంది. రికార్డు పుస్తకాల డబ్బు సంగతి ఆయన ఈనాటికీ అడగలేదు. ఈ సంచిక ఇంటికి తీసుకువెళ్ళి ఈ వ్యాసం ఆయనకు నేనే చదివి వినిపిస్తాను. అప్పుడు చెప్పినట్లవుతుంది.

మిత్రులారా, మీలో ఒక్కరైనా ఇది చదివి ఫ్యాను ఆపి కుంచె పట్టుకుంటే నా శ్రమ ఫలించినట్లే.