అడ్డపొగ

శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాల తీరపు పల్లెలలో సాయంకాలమున అరుగులమీద కూర్చుండి చుట్ట కాల్చు ముదుసలి స్త్రీలను మీలో కొందరు చూచియుందురు. క్రొత్తగా చూచువాడు, నోట చుట్ట యున్నదిగాని కొనయందు నిప్పు కనబడదేమి యని ఆశ్చర్యపడును. నిప్పు నోటిలోపలనే యున్నది! వెలిగించిన కొనను నోటిలో నుంచుకొని పొగ పీల్చు ఈ పద్ధతికి అడ్డపొగ యని పేరు.

ఈ అలవాటు ఎట్లు కలిగినదని అడిగినచో ఒక్కొక్కరు ఒక్కొక్క కారణము చెప్పుదురు. సముద్రపుగాలికి నిప్పు ఆరదని కొందరు, చుట్ట చాలసేపు వచ్చునని కొందరు, ఒడిలోని బిడ్డపై నిప్పురవ్వ పడదని మరికొందరు. తల్లిని చూచి కూతురు నేర్చుకొనును. దీనిని చూచి నవ్వుట తగదు. ఎండలో ఒడలు వంచి పనిచేయువారికి ఆకలిని, అలసటను మరపించు వస్తువు లంత చౌకగా మరేమి దొరకును?

కాని ఆ వేడియు, ఆ పొగయు తిన్నగా అంగిలికి తగులును. ఏండ్లు గడచినకొలది అంగిలి పాలిపోయి తెల్లబడును. అందందు ఎర్రని చుక్కలు పొడచూపును. కొందరికి మచ్చ దళసరియగును. ఏ కొందరికో అచట పుండు పుట్టి మానకుండును. మన పెద్దలు రాచపుండు అనిన వ్యాధి ఇదియే. నేడు క్యాన్సరు అనుచున్నాము. తెల్లమచ్చ యెల్ల క్యాన్సరు కాదు. ఏది యగునో, ఏది కాదో వైద్యుడు చూచి, అవసరమైనచో చిన్న తునక తీసి పరీక్షించి చెప్పవలెను.

1971లో ప్రకటింపబడిన ఒక పరిశోధన ఈ సంగతిని లోకమునకు తెలిపినది. డెన్మార్కు దేశీయుడగు పిండ్‌బోర్గు, బొంబాయి టాటా ప్రాథమిక పరిశోధన సంస్థకు చెందిన మెహతా మున్నగువారు శ్రీకాకుళము జిల్లాలో ఇల్లిల్లు తిరిగి 10,169 మంది నోళ్లను పరీక్షించిరి. వారిలో నూటికి నలువదిమందికి పైగా అడ్డపొగ త్రాగువారే.

అంగిలి కంటికి కనబడు చోటు. దీపము పట్టి చూచిన చాలును. అట్లయ్యును రోగులు వ్యాధి ముదిరిన పిమ్మటనే ఆసుపత్రికి వచ్చుచున్నారు. ఏల? ఒక యింటికి ఊరి ఆశా కార్యకర్త పోయినదనుకొనుడు.

“మామ్మా, నోటిలో పుండేమైన ఉన్నదా?”

“ఉంటే ఉన్నదిలే అమ్మా. నొప్పి లేదు గదా! నొప్పి లేనిదానికి ఆసుపత్రి ఎందుకు?”

మొదటి దశలో నొప్పి లేకుండుటయే ఈ వ్యాధి చేయు మోసము. నొప్పి పుట్టునాటికి అది లోతునకు పోయియుండును. ఆసుపత్రికి పోయిన ఆనాటి కూలి పోవును. తోడు వచ్చు కొడుకు కూలియు పోవును. బస్సు ఖర్చు వేరు. వ్యాధి పేరు బయటపడిన మనుమరాలి పెండ్లి చెడునేమో యను భయ మొకటి. ఇది అంటువ్యాధి కాదని వారికి చెప్పినవారు లేరు. “రాచపుండు వచ్చి బ్రతికినవా రెవరమ్మా?” అని ఆమె అడుగును. ఆమె యెరిగినవారందరు ఆలస్యముగా పోయినవారే. కనుక బ్రతుకరని తలచి తానును ఆలస్యము చేయును. తొలిదశలో పోయి, చిన్న శస్త్రచికిత్సతో బాగుపడి తిరిగివచ్చినవారు తమ జబ్బు సంగతి ఎవరితోను చెప్పుకొనరు.

కాబట్టి గోడకు అంటించిన కాగితము ఇచట చాలదు, చదువురానివారు అనేకులు. తెలిసిన మనిషి వచ్చి తెలిసిన మాటలతో అడుగవలెను. కారము తిన్న నోరు మండుచున్నదా? పుండు పుట్టి రెండు మూడు వారములైనను మానలేదా? ముద్ద పెట్టుకొనుటకు నోరు పూర్తిగా తెరచుకొనుచున్నదా? పన్ను ఊరకే కదలుచున్నదా? మెడలో గడ్డ తగులుచున్నదా? వీనిలో ఏ యొక్కటి యున్నను నొప్పికై ఎదురుచూడక చూపించుకొనవలెను.

ఇట్టి మాటలు వృథాపోవు. శ్రీకాకుళము, కేరళలోని ఎర్నాకుళము, గుజరాతులోని భావనగరము జిల్లాలలో 36,000 మందికి పైగా పొగాకు వాడువారికి ఇండ్లకు పోయి నచ్చజెప్పిరి. కొందరు మానిరి, కొందరు తగ్గించిరి. క్రొత్తగా మచ్చలు కలుగుటయు తగ్గెను. ఈ ఫలితములు 1986లో వెలువడినవి. 2016లో కేంద్రప్రభుత్వము 30 మొదలు 65 ఏండ్ల వరకు వయసుగల వారికి అయిదేండ్ల కొకసారి నోటిపరీక్ష జరుపవలెనని నిర్ణయించినది.

అడ్డపొగ నేటికిని కొన్ని పల్లెలలో పెద్ద వయసు స్త్రీలయందు కనబడుచున్నది.

ఆ మామ్మ కొంతసేపు మాటాడలేదు. “గోంగూర తిని మూడు నెలలైనదమ్మా, మంట” అనెను. పిమ్మట చుట్టను అరుగుపై నులిమి ఆర్పి, నీళ్లు పుక్కిలించి, కార్యకర్త చేతిలోని దీపమువైపు తిరిగి నోరు తెరచెను.